జేబులు దులుపుకొని అడుగుపెట్టే దీవులు

ప్రపంచ పటంలో న్యూజిలాండ్ దేశపు దక్షిణ దీవిని వెతికి, దాని నైరుతి తీరాన్ని ఒకసారి పరిశీలించండి. ఆ దీవి పడమటి తీరం చాలావరకు నున్నగా సాగివచ్చి, అక్కడికి చేరేసరికి చేత్తో చింపిన కాగితపు అంచులా మారిపోతుంది. పద్నాలుగు చోట్ల సముద్రం కొండల నడుమకు చొచ్చుకుపోయింది. ఇటువంటి ఇరుకైన, లోతైన సముద్రపు పాయలను ఫియర్డులంటారు. ఆ ప్రాంతానికి ఫియర్డ్‌లాండ్ అనే పేరు ఈ విధంగానే వచ్చింది. 1952లో దీనిని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 12,600 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మన ఉమ్మడి వరంగల్ జిల్లా అంత. 1990లో ఇది ప్రపంచ వారసత్వ ప్రాంతంలో భాగమైంది.

పాపికొండల నడుమ గోదావరిపై లాంచీలో ప్రయాణించిన పాఠకులు ఆ దృశ్యాన్ని కొంతవరకు ఊహించుకోగలరు. అయితే అక్కడ ఉన్నది ఉప్పునీరు. మిల్‌ఫర్డ్ సౌండ్ అనే ఫియర్డులో మైటర్ శిఖరం నీటి అంచు నుంచి సుమారు 1,690 మీటర్ల ఎత్తుకు నిటారుగా లేస్తుంది. డౌట్‌ఫుల్ సౌండ్‌లో నీటి లోతు నాలుగు వందల మీటర్లు దాటుతుంది. దక్షిణాన ఉన్న డస్కీ సౌండ్‌కు నేటికీ రోడ్డు లేదు. దాని ఒడ్డున ఒక్క ఊరు కూడా లేదు.

ఇటువంటి చోట్లకు ఇటీవలి దశాబ్దాలలో ఒక కొత్త తరహా ప్రయాణం మొదలైంది. వేలమందిని మోసే భారీ విహార నౌకలకు బదులు, పదిమంది నుంచి కొన్ని డజన్ల మంది వరకు మాత్రమే ఎక్కగల చిన్న ఓడలు ఈ ఫియర్డులలోకి, వాటికి దక్షిణంగా ఉన్న జనరహిత దీవులకు వెళ్తున్నాయి. విందులూ వినోదాలూ వాటిలో ప్రధానం కావు. ప్రకృతి శాస్త్రం తెలిసిన మార్గదర్శకులు వెంట ఉంటారు. ఏ పూట ఎక్కడికి వెళ్లాలో గాలిని, అలలను చూసి నిర్ణయిస్తారు. రేవు లేని చోట రబ్బరు పడవలలో ఒడ్డుకు చేరుస్తారు. వినడానికి ఇది కలవారి సరదాగా తోచవచ్చు. కానీ ఈ ప్రయాణాల వెనుక మానవుని ప్రవర్తనకు సంబంధించిన ఒక గంభీరమైన ప్రశ్న ఉంది. నిర్మలమైన చోటును చూడటానికి వెళ్లినవాడు దానిని నిర్మలంగానే వదిలి రాగలడా? ఈ ప్రశ్నకు ఫియర్డ్‌లాండ్ చరిత్ర ఇచ్చే జవాబును పాఠకుల ముందు ఉంచదలచాము.

మంచు చెక్కిన లోయలు

హిమయుగాలలో ఈ కొండల మీది నుంచి మంచునదులు సముద్రం వైపు మెల్లగా కదిలాయి. వాటి బరువుకు రాయి అరిగి, నిటారైన గోడలు గల లోయలు ఏర్పడ్డాయి. మంచు కరిగి సముద్రమట్టం పెరిగినప్పుడు ఆ లోయలలోకి ఉప్పునీరు ప్రవేశించింది. ఆంగ్ల నావికులు వీటిని ‘సౌండ్’లని పిలిచారు. నిజానికి ఆ మాట నది తొలిచిన లోయలోకి సముద్రం చేరితే వాడవలసినది. పేరు తప్పైనా అదే స్థిరపడిపోయింది.

ఇక్కడి వర్షపాతం మన ఊహకు అందదు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, మిల్‌ఫర్డ్‌లో ఆరువేల మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. ఆ వాననీరు అడవి నేల మీదుగా పారుతూ, కుళ్లిన ఆకుల రంగును పీల్చుకొని తేనీటి వర్ణంలో ఫియర్డులోకి దిగుతుంది. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక కనుక అది కొన్ని మీటర్ల మందాన పైపొరగా నిలిచిపోతుంది. ఆ ముదురు పొర వెలుతురును అడ్డుకుంటుంది. కనుక ఇతర సముద్రాలలో చాలా లోతున, చీకటిలో మాత్రమే బతికే నల్ల పగడాలు ఇక్కడ పది మీటర్ల లోతులోనే కనిపిస్తాయి. ఆకు రాలడం, వాన కురవడం, పగడం పెరగడం ఇక్కడ ఒకే వరుసలోని సంగతులు.

తొలి అతిథుల అడుగుజాడలు

ఫియర్డ్‌లాండ్‌ను మావోరీ ప్రజలు ఏనాటి నుంచో ఎరుగుదురు. వేటకు, పచ్చరాయి కోసం వారు ఈ తీరానికి వచ్చేవారు. ఈ చోటి అందానికి ముగ్ధులై మనుషులు ఇక్కడే స్థిరపడిపోతారేమోనని కుట్టే చిన్న ఈగలను వదిలారని వారి పూర్వగాథ ఒకటి చెబుతుంది. గాథ సంగతి ఎలా ఉన్నా, ఆ ఈగల బాధ మాత్రం నేటి యాత్రికులందరికీ అనుభవమే.

1770లో జేమ్స్ కుక్ ఈ తీరం వెంట ఓడ నడిపాడు. ఒక ఫియర్డులోకి ప్రవేశిస్తే తిరిగి బయటపడటానికి గాలి అనుకూలించదేమోనన్న సందేహంతో లోపలికి వెళ్లలేదు. డౌట్‌ఫుల్ అన్న పేరు ఆ సందేహానికి గుర్తు. 1773లో ఆయన మళ్లీ వచ్చి, డస్కీ సౌండ్‌లో కొన్ని వారాలు లంగరు వేశాడు. ఆయన వెంట వచ్చిన ఖగోళ శాస్త్రజ్ఞుడు విలియం వేల్స్ నక్షత్రాలను పరిశీలించడానికి ఒక మిట్ట మీద చెట్లు కొట్టించాడు. ఆ మొదళ్లలో కొన్ని నేటికీ అక్కడ కనిపిస్తాయి. రెండున్నర శతాబ్దాలు గడిచినా ఆ గుర్తు చెరగలేదు.

అంతకన్నా పెద్ద గాయం ఆ ఓడవారి రాతల వల్ల కలిగింది. డస్కీలో సీల్ జంతువులు విస్తారంగా ఉన్నాయన్న వార్త లోకానికి తెలిసింది. 1792లో తొలి వేటగాళ్ల బృందం యాంకర్ దీవిలో దిగింది. వారి వెనుక మరెందరో వచ్చారు. తోళ్ల వ్యాపారం కోసం సాగిన ఆ సంహారంలో కొన్ని దశాబ్దాలకే సీళ్లు దాదాపు కనుమరుగయ్యాయి. చూసినవాడు చెప్పిన మాట పట్టుకొని చంపేవారు వచ్చారు. ఎక్కడికి వెళ్లి ఏమి చూసినా వెంటనే లోకమంతటికీ చాటే నేటి కాలంలో ఈ సంఘటన మరింతగా ఆలోచింపదగినది.

ఒక కాపలాదారుని శ్రమ

న్యూజిలాండ్‌లో కాకపో అనే చిలుక ఉంది. అది ఎగరలేదు. రాత్రిపూట నేల మీద తిరుగుతుంది. ప్రమాదం ఎదురైతే కదలకుండా నిలిచిపోతుంది. ఆకాశం నుంచి చూపుతో వేటాడే పక్షుల నుంచి ఆ అలవాటు దానిని కాపాడింది. కానీ 1880 దశకంలో, కుందేళ్ల బెడద తగ్గించాలన్న ఉద్దేశంతో, ముంగిసను తలపించే స్టోట్ అనే చిన్న వేటజంతువును ఆ దేశంలోకి తెచ్చి వదిలారు. అది వాసన పట్టి వేటాడుతుంది. కదలకుండా నిలిచిన కాకపో దానికి సులువైన ఆహారమైంది.

డస్కీ ముఖద్వారం వద్దనున్న రిజల్యూషన్ దీవిని పక్షులకు రక్షిత స్థలంగా చేసి, 1894లో రిచర్డ్ హెన్రీ అనే వ్యక్తిని దాని సంరక్షకునిగా నియమించారు. ఆయన చిన్న పడవలో, వానలో, ఈగల మధ్య సంవత్సరాల తరబడి శ్రమించి, ప్రధాన భూభాగం నుంచి ఐదు వందలకు పైగా కాకపోలను, కివీలను పట్టి దీవులకు చేర్చాడు. కానీ 1900లో ఆ దీవి మీదనే స్టోట్ కనిపించింది. ఆ జంతువు ఈదగలదు. ఆయన శ్రమ ఆ ఈతతో వమ్మైపోయింది.

అయినా హెన్రీ చూపిన మార్గం వృథా కాలేదు. దీవిని శుభ్రపరచి పక్షులకు అప్పగించాలన్న ఆలోచన తరువాతి తరాల చేతిలో ఫలించింది. 1988లో ఫియర్డ్‌లాండ్‌లోని బ్రేక్‌సీ దీవి నుంచి ఎలుకలను పూర్తిగా తొలగించారు. ఆనాటికి అంత పెద్ద దీవిలో అది సాధ్యమని చాలామంది నమ్మలేదు. 1995లో కాకపోల మొత్తం సంఖ్య 51 మాత్రమే. నేడు అది రెండు వందలు దాటింది. ఒకప్పుడు సీళ్ల వేటగాళ్లు దిగిన యాంకర్ దీవి ఇప్పుడు కాకపోల నివాసం. అక్కడ అనుమతి లేకుండా ఎవరూ కాలు మోపరాదు. చిన్న ఓడల యాత్రికులు ఆ దీవిని నీటి మీద నుంచి చూసి సాగిపోవలసిందే.

ఒక గింజ, ఒక నాచుపోగు

ఇప్పుడు ఈ యాత్రల నియమాల వెనుక ఉన్న కారణం సులభంగా బోధపడుతుంది. దక్షిణాది దీవులపై దిగే ముందు యాత్రికులు తమ సంచులను, కోట్ల జేబులను, వెల్‌క్రో పట్టీలను, బూట్ల అడుగులను విప్పి చూపాలి. జేబు కుట్ల మధ్య చిక్కిన గడ్డిగింజలను వాక్యూమ్ యంత్రంతో లాగివేస్తారు. బూట్లను బ్రష్‌తో తోమి, క్రిమిసంహారక ద్రావణంలో ముంచుతారు. లక్షలు వెచ్చించి వచ్చిన పెద్దమనిషైనా తన జేబులను తానే దులుపుకోవలసిందే. ఒక్క గింజ మొలకెత్తితే, ఒక్క చూలు ఎలుక దిగితే ఏమవుతుందో ఆ దేశం అనుభవంతో నేర్చుకుంది.

ప్రమాదం నీటిలో కూడా ఉంది. 2010లో బ్రేక్‌సీ సౌండ్‌లో ఉండారియా అనే విదేశీ సముద్రపు నాచు కనిపించింది. అటువంటివి పడవల అడుగున, తాళ్ల మీద అంటుకొని ప్రయాణిస్తాయి. దానిని నిర్మూలించడానికి గజ ఈతగాళ్లు ఏళ్ల తరబడి పాటుపడ్డారు. 2017 నుంచి ఫియర్డ్‌లాండ్ జలాలలోకి వచ్చే ప్రతి నౌకకూ శుభ్రత అనుమతి పత్రం తప్పనిసరి. ఓడ అడుగు భాగంలో పలుచని జిగురు పొరకు మించి ఏదీ అంటుకొని ఉండరాదు.

మరింత దక్షిణంగా, మహాసముద్రం మధ్యలో స్నేర్స్, ఆక్లండ్, క్యాంప్‌బెల్ దీవులున్నాయి. 1998లో ఇవి కూడా ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. స్నేర్స్ దీవులపై యాత్రికులు దిగడానికి అనుమతే లేదు. లక్షలాది సముద్రపక్షులు అక్కడి మెత్తని నేలలో బొరియలు చేసుకొని గూళ్లు పెడతాయి. మనిషి అడుగు వేస్తే ఆ గూళ్లు కుంగిపోతాయి. కనుక రబ్బరు పడవలోనే తీరం వెంట తిరిగి రావాలి. దక్షిణ దీవి నుంచి సుమారు 700 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్యాంప్‌బెల్‌లో చెక్కబాట వేశారు. మూడు మీటర్ల రెక్కల విస్తీర్ణం గల ఆల్బట్రాస్ పక్షులు ఆ బాటకు సమీపంలోనే గుడ్లు పొదుగుతుంటాయి.

ఈ క్యాంప్‌బెల్ దీవి కథ వినదగినది. ఓడలతో వచ్చిన ఎలుకలు అక్కడి చిన్న పక్షులను తుడిచిపెట్టాయి. 1997లో దాని పక్కనున్న జాక్‌మార్ట్ అనే చిన్న రాతి దీవి మీద, అంతవరకు శాస్త్రానికి తెలియని ఒక ఉల్లంకి జాతి పక్షి కనబడింది. 2001లో హెలికాప్టర్ల సాయంతో విషపు ఎర చల్లి క్యాంప్‌బెల్‌లోని ఎలుకలన్నింటినీ నిర్మూలించారు. ఆ తరువాత ఆ పక్షి ఎవరూ పట్టి తేకుండానే, తనంతట తానే సముద్రం దాటి వచ్చి క్యాంప్‌బెల్‌లో మళ్లీ గూడు కట్టుకుంది. మనిషి చేసిన కీడును మనిషే తొలగిస్తే, మిగిలిన పనిని సృష్టి తానే చక్కబెట్టుకోగలదని దీనివల్ల తెలుస్తోంది.

చిన్న బృందం ఎప్పుడు మేలు?

ఇంత చెప్పినా ఈ ప్రయాణాలను నిర్దోషమైనవని మేము అనము. వేల కిలోమీటర్ల విమానయానం, ఆపై ఓడ ఇంధనం, ఆ ఖర్చును కొద్దిమందే భరించగలగడం వాస్తవాలు. డౌట్‌ఫుల్ సౌండ్‌లో కొద్ది పదుల డాల్ఫిన్ల గుంపు ఒకటి నివసిస్తుంది. పడవల రాకపోకలు వాటికి హాని చేస్తున్నాయన్న ఆందోళనతో, అవి ఎక్కువగా తిరిగే తీరానికి పడవలు దూరంగా ఉండాలన్న నియమావళిని 2008లో తెచ్చారు. చిన్న పడవ కూడా అతి సమీపానికి వెళితే హానికరమే. కనుక బృందం చిన్నది కావడం ఒక్కటే చాలదు. దిగకూడని చోట దిగకపోవడం, రాయినీ ఈకనూ తీసుకుపోకపోవడం, వెళ్లే ముందు తనను తాను శుభ్రపరచుకోవడం కూడా దానికి తోడు కావాలి. మరోవైపు, అసలు ఎవరూ వెళ్లని చోటు గురించి మాట్లాడేవారు కూడా ఉండరు. ఆ దీవులను చూసి వచ్చినవారిలో కొందరు వాటి రక్షణకు గొంతు కలుపుతున్నారు.

మన పాఠకులలో అత్యధికులు ఆ సముద్రాన్ని చూడబోరు. కానీ సెలవు దొరికితే పాపికొండలకు, పులికాట్‌కు, నల్లమలకు పిల్లలతో వెళ్లే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అక్కడ మన బూట్లను తనిఖీ చేసే అధికారి ఉండడు. మనం వదిలే ప్లాస్టిక్ పళ్లెం, కోతులకు విసిరే రొట్టెముక్క, పక్షుల గుంపును లేపడానికి వేసే కేక ఎవరి లెక్కలోకీ రావు. ఆ చోటు మనకు ముందు తరాలవారు అప్పగించిన అమానత్. మన తరువాత వచ్చేవారికి దానిని అప్పగించాలి. ఈసారి బయలుదేరే ముందు పిల్లలను కూర్చోబెట్టి స్టోట్ ఈదిన కథ, ఉల్లంకి తిరిగి వచ్చిన కథ చెప్పండి. ఏమేమి తీసుకువెళ్లాలో రాసుకునే జాబితాలో, తిరిగి తెచ్చుకోవలసిన చెత్త కోసం ఒక ఖాళీ సంచిని కూడా చేర్చమనండి.