దక్షిణాఫ్రికా యుద్ధం (1899–1902): కారణాల పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠాన్ని అధ్యయనం చేసిన తరవాత మీరు:
• బోయర్లకు, బ్రిటిష్ వారికి మధ్య వైరం ఎలా పెరిగిందో వివరించగలుగుతారు.
• యుద్ధానికి దూర కారణాలను, తక్షణ కారణాన్ని వేరుచేసి చూపగలుగుతారు.
• పాలకులు ప్రకటించిన కారణాన్ని, యుద్ధం తరవాత వారు చేసిన పనులతో పోల్చి పరీక్షించగలుగుతారు.

1. పరిచయం

1899 అక్టోబరు 11న దక్షిణాఫ్రికాలో యుద్ధం మొదలైంది. ఒక పక్క బ్రిటిష్ సామ్రాజ్యం. మరో పక్క ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే రెండు చిన్న బోయర్ రిపబ్లిక్కులు. కొద్ది వారాల్లో ముగుస్తుందని లండన్‌లో చాలామంది అనుకున్న ఈ యుద్ధం 1902 మే 31 వరకు, అంటే రెండున్నరేళ్లకు పైగా సాగింది. బ్రిటన్ తన సామ్రాజ్యం నలుమూలల నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది సైనికులను దింపవలసి వచ్చింది. నిర్బంధ శిబిరాల్లో 26,000 మందికి పైగా బోయర్ స్త్రీలు, పిల్లలు చనిపోయారు. నల్లజాతి ఆఫ్రికన్ల కోసం వేరుగా పెట్టిన శిబిరాల్లో నమోదైన మరణాలే 14,000 దాటాయి.

ఇంత ప్రాణనష్టం దేనికోసం జరిగింది? ట్రాన్స్‌వాల్‌లో నివసిస్తున్న తమ పౌరులకు ఓటు హక్కు లేకపోవడమే వివాదానికి మూలమని బ్రిటన్ చెప్పింది. పరీక్ష పత్రాల్లో చాలామంది విద్యార్థులు ‘బంగారం కోసం’ అని ఒక్క మాటలో రాసేస్తారు. మొదటిది పైకి చెప్పిన కారణం. రెండోది నిజానికి దగ్గరగా ఉన్నా, అసంపూర్ణం. బంగారం యుద్ధానికి ఎలా దారితీసిందో చెప్పకపోతే అది సమాధానం కాదు. ఈ పాఠంలో ఆ దారిని దశలవారీగా పరిశీలిద్దాం.

2. నేపథ్యం: రెండు వలస జాతులు, ఒకే నేల

1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ తన ఓడలకు తాజా ఆహారం, నీరు అందించేందుకు ఆఫ్రికా దక్షిణ కొసన కేప్ వద్ద ఒక స్థావరం ఏర్పాటు చేసింది. అక్కడ స్థిరపడిన డచ్ వారి సంతతివారే బోయర్లు. డచ్ భాషలో ‘బోయర్’ అంటే రైతు. ఇండియాకు వెళ్లే సముద్రమార్గంలో కేప్ కీలకమైన మజిలీ. అందుకే ఫ్రాన్స్‌తో యుద్ధాలు జరుగుతున్న కాలంలో బ్రిటన్ 1795లో ఒకసారి, 1806లో మరోసారి దాన్ని ఆక్రమించింది. 1814లో అది శాశ్వతంగా బ్రిటన్‌దైంది.

బ్రిటిష్ పాలన బోయర్లకు నచ్చలేదు. ముఖ్యంగా 1834లో అమల్లోకి వచ్చిన బానిసత్వ రద్దు, దానికి తగినంత నష్టపరిహారం అందకపోవడం వారికి ఆగ్రహం కలిగించాయి. 1835 నుంచి వేలాది బోయర్లు ఎడ్ల బళ్ల మీద ఉత్తరాన ఉన్న లోపలి ప్రాంతాలకు తరలిపోయారు. అవి ఖాళీ నేలలు కావు. అక్కడి ఆఫ్రికన్ జాతులతో పోరాడి, వారి భూములను ఆక్రమించుకుని బోయర్లు తమ రిపబ్లిక్కులను స్థాపించుకున్నారు. ట్రాన్స్‌వాల్ స్వాతంత్ర్యాన్ని 1852లో, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ స్వాతంత్ర్యాన్ని 1854లో బ్రిటన్ గుర్తించింది. అప్పటికి ఆ ప్రాంతాల్లో బ్రిటన్‌ను ఆకర్షించే సంపద ఏదీ కనిపించలేదు.

తరవాత పరిస్థితి మారింది. కింబర్లీ ప్రాంతంలో వజ్రాలు బయటపడగానే 1871లో బ్రిటన్ ఆ భూభాగాన్ని తనలో కలుపుకుంది. 1877లో ట్రాన్స్‌వాల్‌నే కలుపుకుంది. బోయర్లు తిరగబడి 1881 ఫిబ్రవరిలో మజూబా కొండ వద్ద బ్రిటిష్ సేనను ఓడించారు. దాంతో ట్రాన్స్‌వాల్‌కు స్వపరిపాలన తిరిగి దక్కింది. అయితే 1881 ఒప్పందంలో బ్రిటిష్ రాణికి దానిపై ‘అధిరాజ్యాధికారం’ ఉంటుందని రాశారు. 1884 లండన్ ఒప్పందంలో ఆ మాట కనిపించదు. కాని ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌తో తప్ప మరే విదేశంతోనైనా ఒప్పందం చేసుకోవాలంటే రాణి ఆమోదం కావాలన్న షరతు మిగిలింది. ఇంతకీ ట్రాన్స్‌వాల్ స్వతంత్ర రాజ్యమా, కాదా? ఈ ప్రశ్న తేలకుండానే ఉండిపోయింది. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. 1899లో ఇదే మళ్లీ ముందుకు వస్తుంది.

3. బంగారం తెచ్చిన మార్పు

1886లో ట్రాన్స్‌వాల్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ ప్రాంతంలో బంగారు నిక్షేపాలు బయటపడ్డాయి. పచ్చిక బయలు ఉన్న చోట జొహానెస్‌బర్గ్ నగరం వెలిసింది. 1898 నాటికి ప్రపంచంలో ఉత్పత్తయ్యే బంగారంలో సుమారు నాలుగో వంతు ఈ ఒక్క ప్రాంతం నుంచే వచ్చేది.

ఈ బంగారం స్వభావాన్ని మీరు అర్థం చేసుకోవాలి. నిక్షేపాలు విస్తారమైనవే కాని, టన్ను రాతిలో దొరికే బంగారం చాలా తక్కువ. పైగా అది భూమి లోపల బాగా లోతుకు పోయి ఉంటుంది. దాన్ని తీయాలంటే భారీ యంత్రాలు, సయనైడ్‌తో శుద్ధిచేసే పద్ధతి, పెద్ద పెట్టుబడి, చౌక కూలీలు కావాలి. పెట్టుబడిలో అధిక భాగం బ్రిటన్ నుంచి వచ్చింది. కూలీలుగా సుమారు లక్షమంది నల్లజాతి ఆఫ్రికన్లు వచ్చారు. ప్రపంచ మార్కెట్టులో బంగారం ధర స్థిరంగా ఉండేది కాబట్టి లాభం పెరగాలంటే ఖర్చు తగ్గడం ఒక్కటే మార్గం. ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం మాత్రం డైనమైట్ తయారీ, అమ్మకాలపై గుత్తహక్కు ఇచ్చి దాని ధర పెంచింది. రైలు రవాణా ఛార్జీలూ ఎక్కువే. గనుల యజమానుల అసంతృప్తికి ఇవి ముఖ్య కారణాలు.

బ్రిటిష్ ప్రభుత్వపు ఆందోళన వేరు. ఆ బంగారం ఎలాగూ లండన్ మార్కెట్టుకే చేరుతోంది. దానికోసం గనులను స్వాధీనం చేసుకోనక్కర లేదు. కాని నిన్నటిదాకా పేద రాజ్యమైన ట్రాన్స్‌వాల్ ఇప్పుడు దక్షిణాఫ్రికాలోకెల్లా సంపన్న రాజ్యమైంది. 1895 నాటికి పోర్చుగీసు రేవైన డెలగోవా బే వరకు రైలుమార్గం తెరుచుకోవడంతో బ్రిటిష్ రేవుల మీద ఆధారపడే అవసరమూ తగ్గింది. జర్మనీతో స్నేహం పెరిగింది. ఇలాగే సాగితే కేప్, నేటాల్ వలసలు సైతం క్రమంగా ట్రాన్స్‌వాల్ వైపు మొగ్గుతాయనీ, బ్రిటిష్ జెండా కింద ఏర్పడవలసిన దక్షిణాఫ్రికా సమాఖ్య బోయర్ల నాయకత్వంలో ఏర్పడుతుందనీ లండన్ భయపడింది. అంటే బంగారం నేరుగా యుద్ధం తేలేదు. బలాబలాలను తారుమారు చేసి యుద్ధానికి నేల సిద్ధం చేసింది.

4. జేమ్సన్ దాడి

కేప్ ప్రధానమంత్రి, వజ్రాల, బంగారు గనుల అధిపతి అయిన సెసిల్ రోడ్స్ ఈ సమస్యకు దగ్గరిదారి వెదికాడు. జొహానెస్‌బర్గ్‌లో తిరుగుబాటు లేవదీయాలి. దానికి సహాయం పేరుతో బయటి నుంచి సాయుధ దళం ప్రవేశించాలి. 1895 డిసెంబరు 29న అతని అనుచరుడు డాక్టర్ జేమ్సన్ సుమారు 500 మందితో సరిహద్దు దాటాడు. అనుకున్న తిరుగుబాటు జరగలేదు. 1896 జనవరి 2న జేమ్సన్ దళం బోయర్లకు లొంగిపోయింది. మరునాడే జర్మన్ చక్రవర్తి ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్‌ను అభినందిస్తూ టెలిగ్రాం పంపాడు. రోడ్స్ ప్రధానమంత్రి పదవికి రాజీనామా చేశాడు.

ఈ కుట్ర గురించి బ్రిటిష్ వలసల మంత్రి జోసెఫ్ చాంబర్లిన్‌కు ముందే ఎంత తెలుసన్నది వివాదాస్పదమైంది. పార్లమెంటు విచారణ సంఘం అతన్ని నిర్దోషిగా తేల్చింది. తరవాతి చరిత్రకారులు చాలామంది ఆ నిర్ణయాన్ని అంగీకరించలేదు. బోయర్లకు మాత్రం అనుమానం తీరలేదు. క్రూగర్ ప్రభుత్వం జర్మనీ, ఫ్రాన్స్‌ల నుంచి భారీగా ఆయుధాలు కొన్నది. ఆరెంజ్ ఫ్రీ స్టేట్ 1897లో ట్రాన్స్‌వాల్‌తో రక్షణ ఒప్పందాన్ని పటిష్ఠం చేసుకుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
బంగారం లండన్‌కే చేరుతున్నప్పుడు, ట్రాన్స్‌వాల్ గురించి బ్రిటన్ ఎందుకు ఆందోళన చెందింది? ఐదు వాక్యాల్లో రాయండి.

5. ఓటు హక్కు వివాదం

గనుల కోసం వచ్చి స్థిరపడిన విదేశీ శ్వేతజాతీయులను బోయర్లు ‘ఉయిట్‌లాండర్లు’, అంటే బయటివారు అనేవారు. వీరిలో బ్రిటిష్ వారు ఎక్కువ. ప్రభుత్వ ఆదాయంలో సింహభాగం గనుల నుంచే వచ్చేది; రాజకీయ హక్కులు మాత్రం వీరికి దాదాపు లేవు. 1882లో ఓటు హక్కుకు ఐదేళ్ల నివాసం చాలు. 1890లో అధ్యక్ష ఎన్నికలకు, ప్రధాన శాసనసభకు ఓటు వేయాలంటే 14 ఏళ్ల నివాసం ఉండాలన్నారు. ఉయిట్‌లాండర్ల అసంతృప్తికి నిజమైన ఆధారం ఉందన్నమాట. అయితే క్రూగర్ భయానికీ ఆధారం ఉంది: అందరికీ ఓటిస్తే బోయర్లు తమ రిపబ్లిక్కులోనే అల్పసంఖ్యాకులవుతారు.

1897లో దక్షిణాఫ్రికాకు హైకమిషనర్‌గా వచ్చిన ఆల్ఫ్రెడ్ మిల్నర్ ఈ అసంతృప్తిని ఆయుధంగా మలచుకున్నాడు. 1899 మార్చిలో 21,000 మందికి పైగా ఉయిట్‌లాండర్ల సంతకాలతో రాణికి విజ్ఞాపన వెళ్లింది. మే 31న బ్లూమ్‌ఫాంటీన్‌లో క్రూగర్, మిల్నర్ సమావేశమయ్యారు. ఐదేళ్ల నివాసం చాలని మిల్నర్ పట్టుబట్టాడు. క్రూగర్ ఏడేళ్లకు దిగివచ్చాడు. మీకు కావలసింది ఓటు కాదు, మా దేశమే అన్న అర్థంలో క్రూగర్ ఆక్రోశించాడు. జూన్ 5న మిల్నర్ చర్చలు ముగించాడు.

తరవాత జరిగినదాన్ని జాగ్రత్తగా గమనించండి. జులైలో ట్రాన్స్‌వాల్ శాసనసభ ఏడేళ్ల చట్టం చేసింది. ఆగస్టులో మరో మెట్టు దిగి ఐదేళ్లకే ఓటు హక్కు ఇస్తామంది. అంటే మిల్నర్ అడిగినదే. దానికి బదులుగా బ్రిటన్ ఇకపై తమ అంతరంగిక వ్యవహారాల్లో జోక్యం చేసుకోకూడదనీ, అధిరాజ్యాధికారం మాట వదులుకోవాలనీ కోరింది. బ్రిటన్ ఈ షరతులను తిరస్కరించింది. వివాదం నిజంగా ఓటు హక్కు గురించే అయితే ఇక్కడితో ముగియవచ్చు. ముగియలేదంటే అసలు ప్రశ్న వేరు: దక్షిణాఫ్రికాలో చివరి మాట ఎవరిది?

6. యుద్ధ ప్రారంభం

సెప్టెంబరు 8న బ్రిటిష్ మంత్రివర్గం నేటాల్‌కు 10,000 మంది సైనికులను పంపాలని నిర్ణయించింది. వీరిలో ఎక్కువమంది ఇండియాలో ఉన్న బ్రిటిష్ దళాలవారు. మరింత సైన్యం రాకముందే దెబ్బతీయడం మేలని బోయర్ నాయకులు భావించారు. అక్టోబరు 9న క్రూగర్ ప్రభుత్వం అంతిమ హెచ్చరిక ఇచ్చింది: సరిహద్దుల నుంచి సేనలను వెనక్కి తీసుకోవాలి, సముద్రం మీద వస్తున్న దళాలను దించకూడదు. 11వ తేదీ సాయంత్రం 5 గంటలకు గడువు ముగిసింది. ఈ హెచ్చరిక యుద్ధానికి తక్షణ కారణం. హెచ్చరిక ఇచ్చినవారు బోయర్లు కాబట్టి వారే దురాక్రమణదారులని బ్రిటిష్ ప్రభుత్వం తన ప్రజలకు చెప్పుకోగలిగింది. మొదటి తూటా పేల్చినవారు ఎవరన్నది ఒక ప్రశ్న. తూటా పేలక తప్పని స్థితి కల్పించినవారు ఎవరన్నది మరో ప్రశ్న. రెండూ కలిపి రాయకండి.

7. చరిత్రకారుల అభిప్రాయాలు

యుద్ధానికి ముందు పత్రికా విలేఖరిగా దక్షిణాఫ్రికా వెళ్లిన జె.ఎ. హాబ్సన్, గనుల పెట్టుబడిదారులే పత్రికలను, ప్రభుత్వాన్ని ప్రభావితం చేసి యుద్ధం తెచ్చారని వాదించాడు. 1902లో వెలువడిన అతని సామ్రాజ్యవాద సిద్ధాంతానికి ఈ అనుభవం పునాది. లెనిన్ ఆ సిద్ధాంతాన్ని 1916లో మరో దిశలో విస్తరించాడు. అయితే హాబ్సన్ యూదు పెట్టుబడిదారులను ప్రత్యేకంగా నిందించడంలో ఆనాటి జాతి దురభిమానం కనిపిస్తుంది. దాన్ని వాదన నుంచి వేరుచేసి చదవాలి.

రాబిన్సన్, గాలహర్ 1961లో దీనికి భిన్నమైన అభిప్రాయం చెప్పారు. వారి దృష్టిలో లండన్ మంత్రులను నడిపింది గనుల యజమానులు కాదు. దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ ఆధిక్యం, ఇండియాకు వెళ్లే మార్గపు భద్రత. మీరు ఈ రెంటిలో ఒకదాన్నే ఎంచుకోనక్కర లేదు. ఆధిక్యం ప్రమాదంలో పడింది బంగారం వల్లనే. బంగారం యుద్ధ కారణమైంది ఆధిక్యం సమస్య వల్లనే.

8. ప్రకటించిన కారణానికి పరీక్ష

ఒక యుద్ధం హక్కుల కోసమే జరిగిందని విజేత చెబితే, గెలిచాక ఆ హక్కుల విషయంలో ఏం చేశాడో చూడాలి. బ్రిటిష్ వారు ఉయిట్‌లాండర్ల గురించే కాక, ట్రాన్స్‌వాల్‌లో ఆఫ్రికన్లు, భారతీయులు అనుభవిస్తున్న అన్యాయాల గురించి కూడా మాట్లాడారు. నల్లవారిని యుద్ధానికి ముందున్న స్థితిలోనే వదిలి శాంతిని కొనుక్కోలేమని చాంబర్లిన్ 1901లో రాశాడు. కాని 1902 వెరీనిగింగ్ సంధిలోని 8వ నిబంధన ప్రకారం, ఆఫ్రికన్ల ఓటు హక్కు ప్రశ్నను ఆ ప్రాంతాలకు స్వపరిపాలన వచ్చిన తరవాతే నిర్ణయించాలి. స్వపరిపాలనలో ఓటర్లు శ్వేతజాతి పురుషులే. అంటే ఆఫ్రికన్ల హక్కును నిర్ణయించే అధికారం దాన్ని నిరాకరించేవారి చేతికే అప్పగించారు. గనుల్లో బంగారం తవ్విన ఆ ప్రజలు తమ దేశ పార్లమెంటుకు ఓటు వేయడానికి 1994 వరకు ఆగవలసి వచ్చింది.

భారతీయుల విషయం మనకు మరింత దగ్గరిది. 1860 నుంచి మద్రాసు రేవు ద్వారా తెలుగు, తమిళ జిల్లాల ఒప్పంద కూలీలు నేటాల్ చెరకు తోటలకు వెళ్లారు. యుద్ధంలో గాంధీజీ సుమారు 1,100 మంది భారతీయులతో క్షతగాత్రులను మోసే దళాన్ని నడిపారు. అందులో సుమారు 800 మంది ఒప్పంద కూలీలే. ట్రాన్స్‌వాల్‌లో భారతీయుల పట్ల జరుగుతున్న వ్యవహారం తనకు ఆగ్రహం కలిగిస్తోందని బ్రిటిష్ యుద్ధమంత్రి లాన్స్‌డౌన్ 1899లో బహిరంగంగా అన్నాడు. యుద్ధం గెలిచాక ఆ వివక్ష చట్టాలను రద్దు చేయలేదు. బోయర్ల కాలం కంటే కఠినంగా అమలుచేశారు. వేలిముద్రలతో నమోదు తప్పనిసరి చేసిన 1907 చట్టానికి వ్యతిరేకంగానే ట్రాన్స్‌వాల్‌లో సత్యాగ్రహం నడిచింది.

9. సారాంశం

బోయర్–బ్రిటిష్ పాత వైరం, ట్రాన్స్‌వాల్ హోదాపై తేలని వివాదం దూర కారణాలు. బంగారం ఈ పాత వివాదాలకు కొత్త బలం ఇచ్చింది. జేమ్సన్ దాడి పరస్పర విశ్వాసాన్ని చెరిపేసింది. ఓటు హక్కు వివాదం ప్రకటించిన కారణం. అంతిమ హెచ్చరిక తక్షణ కారణం. దక్షిణాఫ్రికాపై ఆధిక్యం ఎవరిదన్నదే మౌలిక ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పుకునే హక్కు తమకే ఉందని ఇద్దరు శ్వేతజాతి పక్షాలూ భావించాయి. ఆ నేల మీద అధిక సంఖ్యలో ఉన్న ప్రజలను ఎవరూ అడగలేదు.

10. ముఖ్య పదాలు

ఉయిట్‌లాండర్లు: గనుల కోసం ట్రాన్స్‌వాల్‌కు వచ్చిన విదేశీ శ్వేతజాతీయులు.
అధిరాజ్యాధికారం: అంతరంగిక పాలన స్థానిక ప్రభుత్వానికి వదిలి, దానిపై మరో రాజ్యం చెలాయించే పైస్థాయి అధికారం.
అంతిమ హెచ్చరిక: నిర్ణీత గడువులో షరతులు అంగీకరించకపోతే యుద్ధమే అని తెలిపే లేఖ.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ముప్ఫై వాక్యాల్లో సమాధానం రాయండి.
1. దక్షిణాఫ్రికా యుద్ధానికి దారితీసిన ఆర్థిక, రాజకీయ కారణాలను, వాటి పరస్పర సంబంధాన్ని వివరించండి.
2. ‘ఓటు హక్కు వివాదం కారణం కాదు, సాకు మాత్రమే.’ ఈ అభిప్రాయాన్ని 1899 ఆగస్టు ప్రతిపాదన, వెరీనిగింగ్ సంధి ఆధారంగా చర్చించండి.

II. పదిహేను వాక్యాల్లో సమాధానం రాయండి.
1. జేమ్సన్ దాడి, దాని ఫలితాలు.
2. హాబ్సన్ అభిప్రాయాన్ని రాబిన్సన్, గాలహర్ అభిప్రాయంతో పోల్చండి.