కత్తిపీట – తుప్పు

తరతరాలుగా ఇంటిల్లిపాదికీ కూరలు తరిగిపెట్టిన కత్తిపీటను, తుప్పు పట్టినదన్న కారణంతో పాత ఇనుము క్రింద అమ్మివేయడం నేడు మామూలైపోయింది. తుప్పు తొలిదశలో పైపొరకే పరిమితమై ఉంటుంది. లోపలి ఉక్కు చెక్కుచెదరదు.

ఇనుము నీటితోను, గాలిలోని ఆక్సిజన్‌తోను కలిసినప్పుడు తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే త్వరగా వ్యాపిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం కంటికి కనిపించని రక్షణ కవచంగా ఏర్పడుతుంది. మామూలు ఉక్కుకు అట్టి కవచం లేదు. పైగా తుప్పు గుల్లగా ఉండి తేమను పట్టి ఉంచుతుంది. అందువల్లనే తుప్పు తుప్పును పెంచుతుంది.

తుప్పుపై చింతపండు గుజ్జు గాని నిమ్మరసం గాని పట్టించి, కొంతసేపటికి కొబ్బరిపీచుతో మొండి అంచు నుండి పదునైన అంచు వైపు జాగ్రత్తగా రుద్దాలి. ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. అయితే ఎక్కువసేపు ఉంచితే ఉక్కునూ తినివేస్తుంది. కనుక బాగా కడిగి, తడి లేకుండా తుడిచి, పలుచగా కొబ్బరినూనె పూయాలి. గుంటలు పడినచో సాన పట్టించక తప్పదు.

మామిడికాయ, వంకాయ వంటివి తరిగినప్పుడు ఏర్పడే నల్లని మరక తుప్పు కాదు. అది ఉక్కును కొంతవరకు కాపాడుతుంది, దానిని గీకివేయరాదు. గరుకుగా ఉండి, చేతికి ఎర్రగా అంటుకొనేదే తుప్పు.

వదిలించడానికి పూట పట్టే తుప్పును, తరిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచే అరనిమిషపు శ్రద్ధ నివారిస్తుంది. పనిముట్టు పాడయ్యేది వాడకం వల్ల కంటె ఏమరుపాటు వల్లనే.