గోడ చెప్పే మాట వినండి

ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపి ఇచ్చాక నెల్లూరు ప్రాంతంలోని చాలా ఇళ్లలో గది మూలనో, కిటికీ పైనో కొత్త పగులు కనిపిస్తుంది. ఇంటి పెద్ద మేస్త్రిని పిలిపిస్తాడు. మేస్త్రి సిమెంటు పూసి, రంగు వేసి వెళతాడు. మరుసటి ఏడాది అదే చోట అదే పగులు మళ్లీ తేలుతుంది. పగులును కప్పడంలో మనం చూపే తొందర, దాని కారణం తెలుసుకోవడంలో చూపడం లేదు.

ప్రతి పగులూ ప్రమాదకరం కాదు. పూత ఆరేటప్పుడు ఏర్పడే వెంట్రుక వంటి సన్నని నెర్రెలు గోడ బలాన్ని తగ్గించవు. సిమెంటు స్తంభం, ఇటుక గోడ కలిసే చోట నిలువుగా కనిపించే గీతకు కారణం ఆ రెండూ ఎండకు వేరువేరుగా వ్యాకోచించడం. పై అంతస్తులో శ్లాబు కింద అడ్డంగా సాగే పగులు కూడా చాలావరకు వేసవి తాపం వల్లే వస్తుంది.

వాలుగా సాగే పగులును మాత్రం తేలికగా తీసుకోరాదు. తలుపు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగానో, ఇటుకల సందుల వెంట మెట్లు మెట్లుగానో అది సాగుతున్నదంటే, పునాదిలో ఒక భాగం మిగతా భాగం కంటే ఎక్కువగా దిగుతూ ఉండవచ్చు. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దానిపై తక్కువ లోతు పునాదితో కట్టిన ఇల్లు ఏటా పైకీ కిందికీ కదులుతుంది. పునాది పక్కనే వదిలే స్నానపు నీరు, వుజూ నీరు, పగిలిన మురుగు గొట్టం, గోడకు ఆనుకుని పెరిగిన పెద్ద చెట్టు ఈ కదలికను మరింత పెంచుతాయి.

నీరు నేలను ఎలా తొలిచివేస్తుందో 2021 నవంబరులో మన జిల్లా కళ్లారా చూసింది. పెన్నా వరద పడుగుపాడు వద్ద రైలు కట్టను కోసుకుపోగా పట్టాలు ఆధారం లేక వేలాడాయి. వరద నీరు నిలిచిన ఇంటి పునాది కిందా అటువంటి ఖాళీ ఏర్పడే అవకాశం ఉంటుంది. అందుకే నీరు తీసిన తర్వాత కొన్ని నెలల పాటు గోడలను గమనిస్తూ ఉండాలి.

సముద్ర తీర గ్రామాలకు మరో బెడద ఉంది. ఉప్పుగాలి, కడగని ఉప్పు ఇసుక, ఉప్పునీటితో కలిపిన కాంక్రీటు లోపలి ఇనుప కమ్మీలను తుప్పు పట్టిస్తాయి. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. స్తంభం మీద, దూలం మీద కమ్మీల వెంబడి పొడవుగా పగులు, గోధుమ రంగు మరక, పెచ్చులు ఊడటం దీని గుర్తులు. ఇటువంటి పగులు ఎంత సన్ననిదైనా నిర్లక్ష్యం తగదు.

పగులు ఆగిందా, సాగుతున్నదా అన్నదే అసలు ప్రశ్న. దాని రెండు కొసల వద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. బాగా వెడల్పుగా ఉన్న చోట కొలిచి నోటుపుస్తకంలో నమోదు చేయండి. ప్రతి నెలా ఒకే చోట కొలవండి, ఫోటో తీయండి. వేసవి, వానాకాలం రెండూ గడిస్తేనే లెక్క తేలుతుంది. బ్రిటన్‌లోని భవన పరిశోధకుల వర్గీకరణ ప్రకారం ఇటుక గోడలో 1 మిల్లీమీటరు వరకు ఉన్నది అతి స్వల్పం, 5 మిల్లీమీటర్ల వరకు స్వల్పం, 15 దాటితే తీవ్రం. అయితే 5 దాటిన పగులుకూ, వెడల్పు ఎంతైనా నెల నెలా పెరిగే పగులుకూ ఏడాది ఆగనవసరం లేదు. వెంటనే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. కారణం నిర్ధారించేది ఆయన, ఆ మేరకు మరమ్మతు చేసేది మేస్త్రి. అబ్బాయి పెళ్లికని పాత పునాదిపై మరో అంతస్తు వేసే ముందు కూడా ఆయన సలహా తప్పనిసరి.

తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, గంటల వ్యవధిలో పగులు పెరిగినా, స్తంభం చిట్లినా, శ్లాబు కిందికి వంగినా, గోడ బయటికి ఉబ్బినా ఆ రాత్రి ఆ ఇంట్లో నిద్రించరాదు. పిల్లలను, వృద్ధులను ముందు బయటికి తీసుకురండి. 112కు ఫోన్ చేయండి. ఇరుగుపొరుగును హెచ్చరించండి. మీ గోడ కూలితే వారి ఇంటి మీద పడవచ్చు.

కహఫ్ సూరాలోని వృత్తాంతం మనకు తెలిసినదే. మూసా (అలైహిస్సలాం) వెంట ఉన్న దైవదాసుడు, ఆతిథ్యం నిరాకరించిన ఊరిలోనే, కూలబోతున్న గోడను ప్రతిఫలం అడగకుండా నిలబెట్టాడు. అది ఇద్దరు అనాథ బాలురది. కూలక ముందే నిలబెట్టడం, తమంతట తాము చూసుకోలేని వారిది నిలబెట్టడం, ఈ రెండూ అందులో ఉన్నాయి. మన వీధిలోనూ ఇంజనీరుకు ఇచ్చే రుసుము భారమై పగులుకు క్యాలెండరు అడ్డుపెట్టుకున్న వితంతువు ఇల్లు ఉండవచ్చు. అద్దెకు ఇచ్చిన మన ఇంట్లోనే, అడగడానికి వెనుకాడే కుటుంబం ఉండవచ్చు. ఈ వారం మీ గోడలతో పాటు ఆ గోడలను కూడా ఒకసారి చూసి రండి.