కొన్న ఆట ఎవరిది?

పిల్లలూ, మీరు అష్టాచెమ్మా ఆడే వుంటారు. అరుగుమీద సుద్దముక్కతో అయిదు వరసలుగా, వరసకు అయిదేసి గళ్ళు గీస్తే ఆట సిద్ధం. నాలుగు గవ్వలు కావాలి. అవి దొరక్కపోతే చింతగింజలను ఒక పక్క అరగదీసి వాడుకోవచ్చును. ఈ ఆటను మీ దగ్గరినుంచి ఎవరు తీసుకుపోగలరు? వాన వచ్చి గళ్ళు చెరిగిపోతే మళ్ళీ గీసుకుంటారు, అంతే గదా!

కంప్యూటరులోనూ టీవీలోనూ ఆడే ఆటలకు ఈ ధీమా వున్నదా అన్నదే ప్రశ్న. (నాకు ఆ ఆటలంటే ప్రాణం. వాటిని చూసి విసుక్కునే పెద్దలలో నేను చేరను సుమా!)

ఇప్పుడు మచ్చ బొల్లారంలో ఒక కుర్రవాడికి కొత్త ఆట కావాలంటే గుమ్మం దాటే పని లేదు. మంచంమీద కూచుని మీట నొక్కితే అదే వచ్చి యంత్రంలో చేరుతుంది. పాతికేళ్ళ క్రితం అట్లా కాదు. బస్సెక్కి అల్వాల్, లోతుకుంట, తిరుమలగిరి దాటి సికింద్రాబాదు వెళ్ళి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అంగడి అంగడీ తిరిగి ఆట సీడీ తెచ్చుకునేవారు.

ఆ సీడీ ఒక చిత్రమైన వస్తువు. 12 సెంటీమీటర్ల వెడల్పుగల ఆ బిళ్ళలో, మధ్యనుంచి అంచుదాకా చుట్టలు చుట్టుకుంటూ పోయిన ఒకే ఒక గీత వుంటుంది. గీత పొడుగునా కంటికి ఆనని గుంటలు వుంటాయి. లేసరు వెలుగు గుంటమీద ఒక తీరుగానూ, చదునుమీద మరొక తీరుగానూ పడి తిరిగివస్తుంది. ఆ తేడానుబట్టే యంత్రం ఆటనంతా చదువుకుంటుంది. చుట్టను విప్పి సాగదీస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది. మచ్చ బొల్లారంనుంచి అల్వాల్‌దాకా పరిచినా ఇంకా మిగులుతుందన్నమాట!

బిళ్ళమీద గీతలు పడితే ఆట పాడవుతుంది, నిజమే. కాని అది మీది. స్నేహితుడికి ఎరువివ్వవచ్చును, మరో ఆటకు మార్చుకోవచ్చును, విసుగు పుడితే తమ్ముడికి ఇచ్చెయ్యవచ్చును. మీట నొక్కి కొన్న ఆటతో సాధారణంగా ఇవేవీ కుదరవు. ఎందుకంటే అక్కడ మీరు కొనేది ఆటను కాదు, ఆడుకునేందుకు అనుమతిని. మామిడిపండు కొనడం వేరు, తోటలో తిరగడానికి చీటీ కొనడం వేరు. తోటమాలి గేటుకు తాళం వేస్తే చీటీ ఏం చేసుకుంటాం?

అట్లా తాళం పడనే పడింది. ఫ్రాన్సు దేశపు యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో ‘ది క్రూ’ అనే కార్ల ఆటను అమ్మింది. అందులో అమెరికా దేశమంతా కారులో చుట్టి రావచ్చును. అయితే కంపెనీవారి సర్వరు, అనగా ఎక్కడో దూరాన వుండే పెద్ద కంప్యూటరు, తోడు లేనిదే ఆ ఆట కదలదు. 2024 మార్చి 31న కంపెనీ ఆ సర్వర్లను ఆపేసింది. అంతటితో, డబ్బిచ్చి కొన్నవారికి కూడా ఆట లేకుండా పోయింది. తమాషా ఏమిటంటే, బిళ్ళ కొని బీరువాలో దాచుకున్నవారి గతీ అంతే అయింది! కనుక బిళ్ళ వున్నంతమాత్రాన ఆట మనదని చెప్పడానికి లేదు.

మన దేశంలో 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీ మొబైల్‌ను నిషేధించింది. అక్టోబరు 30న సర్వర్లు ఆగగానే, ఫోనులో ఆట వున్నా ఆడే వీలు లేకపోయింది. అక్కడ కారణం వేరు. కాని తాళంచెవి ఆడేవాడి చేతిలో లేకపోవడం రెండు చోట్లా ఒకటే.

‘ది క్రూ’ మూతపడ్డాక ఆటగాళ్ళు ఊరుకోలేదు. ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అనే ఉద్యమం లేవదీశారు. అమ్మకం ఆపినా, కొన్నవారు ఆడుకునే ఏర్పాటు చేసి మరీ ఆపండి అన్నది వారి కోరిక. ఐరోపాలో వారి విన్నపంమీద 2025 జూలైనాటికి 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025నుంచి ఒక చట్టం అమలులోకి వచ్చింది: ఇచ్చేది అనుమతి మాత్రమే అయితే, ఆ మాట స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అని రాయకూడదు.

మరి బిళ్ళలు లేకుండా సొంత ఆట దొరకదా? దొరుకుతుంది. 2008లో మొదలైన గాగ్ అనే అంగడి ఆటలను తాళం లేకుండానే అమ్ముతున్నది. ఒకసారి దించుకుని విడిగా ఒక డిస్కులో దాచుకుంటే, ఒంటరిగా ఆడే ఆటలకు నెట్టు కూడా అక్కర్లేదు. ఆ అంగడి రేపు మూతపడినా మీ ఆట మీ ఇంట్లోనే వుంటుంది.