కుంగుబాటు మందుతో మరీ హుషారా?

కుంగుబాటుకు మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకు మనిషి లేచి తిరుగుతుంటే ఇంట్లో అందరికీ సంతోషమే. కానీ ఆ హుషారు హద్దు దాటి, నిద్ర తగ్గి, మాట పెరిగి, చేతిలో డబ్బు నిలవకుండా పోతుంటే మాత్రం దాన్ని కోలుకోవటంగా పొరబడొద్దు. బైపోలార్ డిజార్డర్ ఉన్నవారిలో కుంగుబాటు మందు ఒక్కోసారి మనసును ఒక అంచు నుంచి రెండో అంచుకు తోసేస్తుంది. దీన్ని ముందుగా గుర్తించగలిగేది ఎప్పుడూ పక్కనే ఉండే ఇంటివాళ్లే.

మామిడి సీజన్‌లో చిత్తూరు జిల్లా ఎలా ఉంటుందో తెలిసిందే. మండీల ముందు, గుజ్జు ఫ్యాక్టరీల ముందు రాత్రీపగలూ ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. అలాంటి సమయంలో ఒక చిన్న వ్యాపారి రెండు నెలలుగా మంచం దిగటం లేదనుకోండి. తిండి సయించదు, తోట వైపు చూడడు, ఫోన్ ఎత్తడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కుంగుబాటు అని చెప్పి మాత్రలు రాశారు. మూడో వారానికి లేచి కూర్చున్నాడు. ‘మావోనికి మందు బాగా పట్టింది’ అని అమ్మ మొక్కు కూడా తీర్చుకుంది. నాలుగో వారానికి నిద్ర రెండు గంటలకు పడిపోయింది. అయినా అలసట లేదు. ఒకేసారి మూడు తోటలకు అడ్వాన్సులు ఇచ్చేశాడు. వద్దన్న తమ్ముడి మీదికి చెయ్యెత్తాడు. పెళ్లయిన కొత్తలో కూడా ఒకసారి ఇలాగే పది రోజులు నిద్రాహారాలు లేకుండా తిరిగాడని భార్యకు గుర్తుంది. కానీ ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. అయితే మానసిక వైద్యులకు బాగా తెలిసిన తీరు ఇది. ఆ ఒక్క పాత సంగతి ముందే తెలిసుంటే చికిత్సే మారిపోయేది.

కుంగుబాటు వెనక దాగే జబ్బు

బైపోలార్ డిజార్డర్‌లో మనసు రెండు అంచుల మధ్య ఊగుతుంటుంది. ఒకవైపు తీవ్రమైన కుంగుబాటు. మరోవైపు మేనియా, అంటే పట్టపగ్గాల్లేని ఉద్రేకం. ఈ ఉద్రేకం కనీసం వారం పాటు ఉండి, జీవితాన్ని అస్తవ్యస్తం చేస్తే మేనియా అంటారు. కాస్త తక్కువ తీవ్రతతో కనీసం నాలుగు రోజులుంటే హైపోమేనియా అంటారు. ఈ రెండో దాన్ని చాలామంది జబ్బుగానే భావించరు. ‘ఆ రోజుల్లో వాడు భలే చురుగ్గా ఉండేవాడు’ అని మురిసిపోతారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. బైపోలార్ బాధితులు ఉద్రేకంలో కన్నా కుంగుబాటులోనే ఎక్కువ కాలం గడుపుతారు. అమెరికాలో 146 మందిని దాదాపు 13 ఏళ్లు గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, వీళ్లు సుమారు 32 శాతం వారాలు కుంగుబాటులో ఉంటే, ఉద్రేకంలో గడిపింది 9 శాతం వారాలే. కాబట్టి డాక్టర్ దగ్గరికి వచ్చేది కుంగిపోయినప్పుడే. ఉద్రేకంలో ఉన్నప్పుడు ‘నాకేం జబ్బు?’ అంటారు. ఎదురుగా కనిపించేది కుంగుబాటే కాబట్టి, పాత చరిత్ర తెలియకపోతే దానికే మందు ఇచ్చే అవకాశం ఎక్కువ.

మన దేశంలో చికిత్స అందకపోవటం ఇంకో సమస్య. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో బైపోలార్ బాధితుల్లో సుమారు 70 శాతం మందికి చికిత్స అందటం లేదని తేలింది.

మందు ఏం చేస్తుంది?

కుంగుబాటు మందులు మెదడులో సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ వంటి రసాయనాల ప్రభావాన్ని పెంచుతాయి. ఒక్క కుంగుబాటే ఉన్నవారికి ఇవి ఎంతో మేలు చేస్తాయి. లక్షలాది మంది వీటితో కోలుకుంటున్నారు. బైపోలార్ ఉన్నవారు మనసును నిలకడగా ఉంచే మందు తోడు లేకుండా వీటిని ఒంటరిగా వాడితేనే ముప్పు.

స్వీడన్‌లో 3,240 మంది బైపోలార్ బాధితుల వివరాలను పరిశీలించి 2014లో వెలువరించిన ఫలితాలు దీన్ని స్పష్టంగా చూపాయి. కుంగుబాటు మందు ఒక్కటే వాడినవారిలో మొదటి మూడు నెలల్లో మేనియా ముప్పు దాదాపు మూడు రెట్లు పెరిగింది. మూడ్ స్టెబిలైజర్‌తో కలిపి వాడినవారిలో అలా పెరగలేదు.

అన్ని మందులూ ఒకేలా ఉండవు. ఇమిప్రమైన్, అమిట్రిప్టిలిన్ వంటి పాతతరం మందులతో, వెన్లాఫాక్సిన్‌తో మూడ్ తిరగబడే ముప్పు ఎక్కువ. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలైన్ వంటి వాటితో, బ్యుప్రోపియాన్‌తో కాస్త తక్కువ. అమిట్రిప్టిలిన్‌ను మైగ్రేన్‌కు, నరాల నొప్పులకు కూడా చిన్న మోతాదులో ఇస్తుంటారు. కాబట్టి బైపోలార్ ఉన్నవారు తలనొప్పికి వెళ్లినా తమ జబ్బు సంగతి చెప్పాలి. ఉబ్బసానికో, కీళ్ల నొప్పులకో వాడే స్టిరాయిడ్ మాత్రలు కూడా ఉద్రేకాన్ని రేపొచ్చు.

మరి తోడు మందుతో కలిపి వాడితే లాభముంటుందా? అమెరికాలో 366 మందిపై చేసి 2007లో వెల్లడించిన పరీక్షలో మూడ్ స్టెబిలైజర్‌కు కుంగుబాటు మందును జోడించినా అదనపు ప్రయోజనం కనిపించలేదు. అలాగని ఉద్రేకమూ పెరగలేదు. కెనడా, దక్షిణ కొరియా, భారత్‌లలో చేసి 2023లో ప్రచురించిన మరో పరీక్షలో నిమ్హాన్స్ కూడా పాలుపంచుకుంది. కుంగుబాటు నుంచి కోలుకున్నవారిలో కొందరికి జోడు మందును 8 వారాలకు ఆపారు, కొందరికి ఏడాది పాటు కొనసాగించారు. ఏదో ఒక మూడ్ సమస్య తిరగబెట్టటం ఏడాది వాడినవారిలో 31 శాతం, ముందే ఆపినవారిలో 46 శాతం. అయితే కొనసాగించటమే మేలని కచ్చితంగా తేల్చేంత తేడా కాదిది. కాబట్టి అందరికీ ఒకే సూత్రం పనికిరాదు. ఎవరికి, ఎంతకాలం అన్నది మనిషిని బట్టి మానసిక వైద్యులే నిర్ణయించాలి.

మామూలు దుష్ప్రభావమా? మూడ్ మారటమా?

కుంగుబాటు మందు మొదలుపెట్టిన తొలి వారం, రెండు వారాల్లో వికారం, తలనొప్పి, విరేచనాలు, కాస్త ఆందోళన, నిద్ర తేడాలు రావొచ్చు. చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. లైంగిక ఇబ్బందులు మాత్రం కొనసాగొచ్చు. వృద్ధుల్లో రక్తంలో సోడియం తగ్గి మగతగా, తికమకగా ఉండొచ్చు. ఇవన్నీ డాక్టర్‌కు చెబితే సరిచేసుకోగలిగినవే.

మూడ్ తిరగబడుతుంటే గుర్తులు వేరుగా ఉంటాయి.

• నిద్ర తగ్గినా అలసట ఉండదు. మామూలుగా నిద్ర పట్టనివాళ్లు తెల్లారి నీరసపడతారు. వీళ్లు మూడు గంటలే పడుకుని ఉత్సాహంగా లేస్తారు. అన్నింటికన్నా ముఖ్యమైన గుర్తు ఇదే.

• మాటల వరద. ఎదుటివాళ్లను మాట్లాడనివ్వరు. ఒక విషయం నుంచి మరోదానికి దూకేస్తుంటారు.

• గొప్పలు, భారీ పథకాలు. అప్పులు తెచ్చి కొనటం, పంచిపెట్టటం, దుడుకుగా బండి నడపటం.

• చిరాకు, కోపం. మేనియా అంటే ఎప్పుడూ సంతోషమే కాదు. కొందరిలో కోపమే కనిపిస్తుంది.

• కుంగుబాటు, ఉద్రేకం కలగలిసిపోవటం. ఏడుస్తూనే కుదురుగా కూర్చోలేకపోవటం, చనిపోవాలన్న ఆలోచనలు. ఇది చాలా ప్రమాదకరం.

వీటిలో రెండు మూడు కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. పాతికేళ్ల లోపు వారిలో కుంగుబాటు మందులు మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు ఆత్మహత్య ఆలోచనల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో పిల్లలు, టీనేజర్లకు చేసిన ఈ హెచ్చరికను 2007లో 24 ఏళ్ల వరకూ విస్తరించింది.

డాక్టర్‌కు ముందే చెప్పాల్సినవి

కుంగుబాటుకు తొలిసారి మందు రాయించుకునేటప్పుడు ఇంట్లోవాళ్లు వెంట వెళ్లటం మంచిది. అడగకపోయినా ఈ సంగతులు చెప్పాలి.

• గతంలో నిద్ర లేకుండా, మితిమీరిన హుషారుతో గడిపిన రోజులు ఉన్నాయా?

• అమ్మానాన్నలు, తోబుట్టువులు, మేనమామలు, చిన్నాన్నల్లో ఎవరికైనా బైపోలార్ ఉందా? ఎవరైనా ఆత్మహత్య చేసుకున్నారా?

• కుంగుబాటు పాతికేళ్ల లోపే మొదలైందా? పదేపదే వస్తోందా?

• కాన్పు తర్వాత మొదలైందా? బాలింతల్లో వచ్చే కుంగుబాటు వెనక కొన్నిసార్లు బైపోలార్ ఉంటుంది.

• లేనివి వినపడటం, లేనిపోని అనుమానాలు ఉన్నాయా?

• గతంలో ఏదైనా కుంగుబాటు మందుతో అతిగా హుషారు వచ్చిందా?

ఇంట్లో జబ్బు ఉందంటే ఆడపిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయని ఈ విషయాలు దాచేస్తుంటారు. చుట్టాల దగ్గర దాచినా డాక్టర్ దగ్గర దాచొద్దు.

మాత్ర మీరే ఆపేయొద్దు

ఇది చదివి వాడుతున్న మందును ఉన్నట్టుండి మానేస్తే మరో చిక్కు. తల తిరగటం, ఒళ్లు జలదరించటం, చిరాకు రావొచ్చు. కుంగుబాటు తిరగబెట్టొచ్చు. ఉద్రేకం లక్షణాలు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌తో మాట్లాడాలి. మందును వెంటనే ఆపాలా, తగ్గిస్తూ పోవాలా అన్నది వాళ్లు చెబుతారు. పాత చీటీ చూపించి మందుల షాపులో ఏళ్ల తరబడి అవే మాత్రలు తెచ్చుకోవటం అసలే వద్దు.

బైపోలార్ కుంగుబాటుకు క్వెటియాపిన్, లిథియం, లామోట్రిజిన్, లురాసిడోన్ వంటి మందులున్నాయి. వీటికీ జాగ్రత్తలు అవసరం. లామోట్రిజిన్‌తో దద్దు వస్తే వెంటనే డాక్టర్‌ను కలవాలి. గర్భం ధరించే అవకాశమున్న మహిళలకు వాల్‌ప్రోయేట్ సాధారణంగా మంచిది కాదు.

మన ఎండలు, మన జాగారాలు

లిథియం వాడేవాళ్లు రాయలసీమ ఎండల్లో మరింత జాగ్రత్తగా ఉండాలి. చెమట రూపంలో నీరు, ఉప్పు పోతే రక్తంలో లిథియం మోతాదు పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు, కటిక ఉపవాసం, ఉన్నట్టుండి ఉప్పు మానేయటం, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కూడా ప్రమాదమే. చేతులు బాగా వణకటం, తూలిపోవటం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలిపిరి మెట్ల దారిలో కొండెక్కాలనుకుంటే చల్లటి వేళ చూసుకుని, దారిపొడవునా నీళ్లు తాగుతూ వెళ్లాలి. ఎప్పటికప్పుడు రక్తంలో లిథియం పరీక్ష తప్పనిసరి.

నిద్ర చెడితే చాలు, కొందరికి మేనియా మొదలవుతుంది. వైకుంఠ ఏకాదశి జాగారం, తిరుపతి గంగమ్మ జాతర, ఇంట్లో పెళ్లి, సీజన్‌లో మండీ రాత్రులు... వీటిల్లో పాల్గొనొద్దని కాదు. రాత్రి నిద్రను మాత్రం పోగొట్టుకోవద్దు. జాగారం బదులు తెల్లవారి దర్శనం చేసుకున్నా మొక్కు చెల్లుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న రుయా ఆసుపత్రిలో, కుప్పంలోని పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగాలున్నాయి. చిత్తూరు వైపు వారికి వేలూరు సీఎంసీ దగ్గర. బాగాయంలో 1957లో మొదలైన దాని మానసిక ఆరోగ్య కేంద్రం రోగి కుటుంబాన్నీ చికిత్సలో భాగం చేయటానికి పేరుపొందింది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఆత్మహత్య ఆలోచనలుంటే మనిషిని ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. కొత్త మందు మొదలైన రోజు నుంచి మూడు నెలల పాటు క్యాలెండర్ మీద రోజూ రెండు ముక్కలు రాసిపెట్టండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, పగలు మూడ్ ఎలా ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితాలు పట్టుకెళ్లండి. నిద్ర గంటలు ఏడు నుంచి అయిదుకు, అయిదు నుంచి మూడుకు దిగుతూ వస్తే అప్పులదాకా, గొడవలదాకా పోకముందే తెలిసిపోతుంది.