రాకాసి వేటగాడికి నవల నేర్పిన పాఠం

కైకలూరు (మా విలేకరి): వీడియో గేముల మోజులో కుర్రకారు చదువు పాడుచేసుకొంటున్నదన్న మాట ఊరూరా వినిపిస్తున్నదే. కొల్లేరు ఒడ్డున ఒక గ్రామానికి చెందిన డిగ్రీ విద్యార్థికీ ఆ నింద తప్పలేదు. అయితే ఆ ఆటే అతణ్ణి 1851 నాటి నవల దాకా నడిపించింది. ఆటను ఎప్పుడు ఆపాలో ఆ నవల నేర్పింది. తన పేరు ప్రచురించవద్దని అతను కోరాడు.

అతను ఆడేది ‘మాన్‌స్టర్ హంటర్’. జపాన్‌లోని ఒసాకాకు చెందిన కాప్‌కామ్ సంస్థ 2004లో దీనిని తొలిసారి విడుదల చేసింది. 2018లో వచ్చిన ‘వరల్డ్’ భాగం 2 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2025 ఫిబ్రవరి 28న వచ్చిన ‘వైల్డ్స్’ మూడు రోజుల్లోనే 80 లక్షలు దాటింది.

జాడ పట్టడమే అసలు పని

కనబడినదాన్నల్లా నరుక్కుంటూ పోయే ఆట కాదిది. ముందు అడుగుజాడలు వెతకాలి. మృగానికి ఇంకా ఎంత ప్రాణముందో తెర మీద కనబడదు. కుంటుతోందా, గూటికి మళ్లుతోందా అని గమనించి తెలుసుకోవలసిందే. సాధారణంగా గడువు 50 నిమిషాలు. మూడుసార్లు సొమ్మసిల్లితే వేట విఫలమైనట్లే. నెగ్గితే ఆ మృగం ఎముకలు, తోలుతో కొత్త ఆయుధాలు, కవచాలు చేయించుకోవచ్చు. నీటి కదలికను చూసి వల ఎక్కడ వేయాలో చెప్పే మత్స్యకారుడి కొడుక్కి ఈ ఆట నచ్చడంలో వింత లేదు.

వింతల్లా ఆ తర్వాతే. లొంగని ఒక మృగం కోసం అతను రాత్రుళ్లు తెల్లవార్లూ కూర్చున్నాడు. డిగ్రీలో ఒక పేపరు పోయింది. తండ్రి ఆ యంత్రాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తండ్రీకొడుకుల మధ్య మాటలు ఆగిపోయాయి.

మాస్టారి సలహా

అంత పెద్ద వేట చూడాలంటే అమెరికా రచయిత హెర్మన్ మెల్‌విల్ రాసిన ‘మోబీ డిక్’ చదవమని ఇంగ్లీషు మాస్టారు చెప్పారట. కాపీరైటు గడువు తీరిన పుస్తకం కనుక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికింది. పక్కన నిఘంటువు పెట్టుకొని సెల్‌ఫోనులోనే చదివాడు.

మెల్‌విల్ 1841లో స్వయంగా తిమింగిలాల వేట ఓడ ఎక్కినవాడు. 1820లో ‘ఎసెక్స్’ అనే ఓడను తిమింగిలం ఢీకొట్టి ముంచిన ఉదంతం ఈ నవలకు ఒక ప్రేరణ. మొత్తం 135 అధ్యాయాలు. వెతుకుతున్న తెల్ల తిమింగిలం ఎదుటపడేది చివరి మూడింటిలోనే! మిగిలినదంతా సముద్రం, ఓడ పని, తిమింగిలాల తీరుతెన్నులు. చాలామంది విసుగుతో వదిలేసే ఆ భాగాలే ఈ విద్యార్థికి బాగా నచ్చాయి. జాడ పట్టే ఓపిక అతనికి ఆటలోనే అలవడింది మరి.

తన కాలు తీసిన తిమింగిలంపై పగబట్టిన కెప్టెన్ అహాబు, మూగజీవంపై పగేమిటని స్టార్‌బక్ వారించినా వినడు. చివరకు ఓడ మునుగుతుంది. కథ చెప్పే ఇష్మాయేలు ఒక్కడే మిగులుతాడు. ఆటలో మూడుసార్లు పడ్డా మళ్లీ మొదలుపెట్టవచ్చు. అహాబుకు ఆ అవకాశం లేదు. పేపరు పోగొట్టుకొన్న రాత్రుల్లో తానూ అహాబులాగే ఉన్నానని ఈ విద్యార్థి ఒప్పుకొంటున్నాడు.

ఆగిపోయిన పేపరు మళ్లీ రాశాడు. ఫలితం రావలసి ఉంది. తండ్రి తాళం తీశాడు. ఇప్పుడు రోజుకు ఒక్క వేటే, గెలిచినా ఓడినా.

రాత్రి భోజనాలయ్యాక కొడుకు ఆ కథను తెలుగులో చెబుతుంటే తండ్రి వింటున్నాడు. గాలి తిరిగినప్పుడు పడవ తిప్పనివాడు వేటగాడే కాదని అహాబు గురించి ఆయన అభిప్రాయం.