సముద్రపు తొట్టిలో నాచు – తొందర తెచ్చిన నష్టం, ఓపిక ఇచ్చిన ఫలం

ఇంట్లో ఒక అందమైన వస్తువు ఉన్నప్పుడు దానిని నలుగురికీ చూపించాలని మనసు ఉవ్విళ్లూరుతుంది. అందులో తప్పు లేదు. కాని అది ప్రాణమున్నదైతే, మన ఉబలాటం దాని ప్రాణం మీదికి రావచ్చు. ఇది ఎవరి గురించో విని రాస్తున్న మాట కాదు. మా ఇంటి ముందుగదిలో జరిగినదే, మా తప్పుతో సహా, పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మా పెద్దబ్బాయికి చిన్ననాటి నుండి చేపలంటే మక్కువ. ఉద్యోగంలో కుదురుకున్న తరువాత, హైదరాబాదులోని మా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఏర్పాటు చేసుకున్నాడు. ఇది మామూలు చేపల తొట్టి కాదు. సముద్రంలోని పగడపు దిబ్బను చిన్న రూపంలో ఇంట్లో నిలబెట్టే ప్రయత్నం. అడుగున తెల్లని ఇసుక, దాని మీద సందులున్న సున్నపు రాళ్లు, ఆ రాళ్లను అంటిపెట్టుకుని ఉండే మెత్తని పగడపు జీవులు, వాటి నడుమ నారింజ రంగు మీద తెల్లని పట్టీలున్న రెండు క్లౌన్ చేపలు, ఒక ఎర్రచారల రొయ్య, ఓ డజను నత్తలు.

నాలుగవ నెలకు ఆ రాళ్లన్నిటినీ పచ్చని వెంట్రుకల వంటి నాచు కప్పేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మాయి మంగ్నీ కుదిరింది.

"వచ్చే శుక్రవారం బంధువులందరూ వస్తున్నారు బేటా. ఈలోగా ఈ పాచి పోవాలి" అన్నాము.

"అబ్బా, తొట్టి ఇంకా కుదురుకోలేదు. కొత్తలో ఇలాగే ఉంటుంది. నెమ్మదిగా తగ్గుతుంది" అన్నాడు.

"వచ్చినవాళ్లకు ఆ సంగతి మనం చెబుతూ కూర్చుంటామా?" అన్నాము.

మూడు దశాబ్దాలుగా పాఠాలు చెబుతున్న మాకు, ఓపిక గురించి ఇతరులకు బోధించడం అలవాటే. ఆ రోజు మాత్రం అది మా నోటికి రాలేదు. మా మాట కాదనలేక అబ్బాయి దుకాణానికి వెళ్లి, నాచును చంపే మందు సీసా ఒకటి తెచ్చాడు.

తొట్టి కుదురుకోవడం అంటే

ఆ సీసా సంగతి చెప్పే ముందు, 'కుదురుకోవడం' అన్న మాటకు అర్థం చెప్పవలసి ఉన్నది. మా ఇంట్లో ఆ సంగతిని అందరికంటే ముందు గ్రహించినది అబ్బాయి తల్లి. "పాలలో తోడు వేసి గంటకోసారి గిన్నె కదిపితే పెరుగవుతుందా?" అని ఆమె అన్నది. శాస్త్రం చెప్పేదీ ఇంచుమించు అదే.

చేపల విసర్జన నుండి, మిగిలిపోయిన తిండి నుండి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. రాళ్ల సందుల్లో, ఇసుకలో స్థిరపడే ఒక రకం బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా హానికరమే. మరొక రకం బాక్టీరియా దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. ఈ రెండు రకాల సూక్ష్మజీవులు తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చేవరకు తొట్టిలో చేపను వదలరాదు.

ఇది మొదటి మజిలీ మాత్రమే. కొత్త రాయి అంటే ఖాళీ స్థలం. ఖాళీ స్థలంలో ముందుగా మొలిచేది కలుపే. మేలు చేసే జీవులు నెమ్మదిగా వచ్చి ఆ చోటును ఆక్రమించేలోగా నాచు విజృంభిస్తుంది. దాదాపు ప్రతి కొత్త తొట్టీ ఈ దశను దాటవలసినదే. మొదటి సంవత్సరమంతా దీనికే పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు.

రంగును బట్టి గుర్తించాలి

తొట్టిలో కనిపించే ప్రతి పాచీ ఒకటి కాదు. ఏదో తెలియకుండా మందు వేయడం, జబ్బు తెలియకుండా మాత్ర మింగడం వంటిదే.

మొదటి వారాల్లో ఇసుక మీద, గాజు మీద గోధుమరంగు పొడిలా పేరుకునేవి డయాటమ్‌లు. నీటిలోని సిలికేట్ వాటికి ఆధారం. అది ఖర్చైపోతే అవే తగ్గుతాయి. గాజును తుడుచుకుంటూ వేచి ఉంటే చాలు.

తరువాత వచ్చేది పచ్చని వెంట్రుకల నాచు. నైట్రేట్, ఫాస్ఫేట్ దాని ఆహారం.

ఎర్రటి లేదా ముదురు ఊదా రంగులో, జిగురు దుప్పటిలా పరుచుకునేది అసలు నాచే కాదు. అది సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల పొర. నీరు సరిగా కదలని మూలల్లో ఎక్కువగా కనిపిస్తుంది. గొట్టంతో లాగివేసి, ఆ మూలకు నీటి ప్రవాహం పెంచితే చాలావరకు అదుపులోకి వస్తుంది.

గోధుమరంగు చీమిడిలా, గాలి బుడగలతో తీగలుగా వేలాడేవి డైనోఫ్లాజెల్లేట్లు. నైట్రేట్, ఫాస్ఫేట్ పూర్తిగా అడుగంటిన తొట్టిలో ఇవి తరచుగా తలెత్తుతాయి. వీటిలో కొన్ని నత్తలకు విషం. నీటిని అతిగా శుద్ధి చేయాలనుకునేవారికి ఇదొక హెచ్చరిక.

గులాబీ, ఊదా రంగుల్లో సున్నపు పూత వలె రాయికి అంటుకుపోయేది కోరలైన్ నాచు. ఇది మేలు చేసేది. ఇది పరుచుకున్న చోట పచ్చని నాచుకు వేళ్లూనే సందు దొరకదు.

మరొక సంగతి తెలిసినప్పుడు మేము నిజంగా ఆశ్చర్యపోయాము. అనేక పగడపు జీవులు తమ శరీరంలోపలే సూక్ష్మమైన నాచుకు ఆశ్రయమిస్తాయి. ఆ నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి, అందులో పెద్ద భాగం ఆశ్రయమిచ్చిన జీవికే ఇస్తుంది. సముద్రం వేడెక్కినప్పుడు పగడాలు తెల్లబడిపోతున్నాయని వార్తల్లో చదువుతున్నాము కదా, ఆ తెలుపు ఈ నాచును కోల్పోవడం వల్ల వచ్చినదే. నాచంటేనే కీడని మేము చేసిన తీర్మానం ఎంత పొరపాటో అప్పుడు అర్థమైంది.

ఒక సీసా చేసిన నష్టం

అబ్బాయి తెచ్చిన సీసా మీద చేపలకు హాని లేదని రాసి ఉన్నది. అది అబద్ధం కాదు. చేపలకు హాని జరగలేదు. కాని ఆ మందులో ఉన్నది రాగి లవణం. నాచును చంపే మోతాదులో రాగిని చేప తట్టుకోగలిగినా, నత్తలు, రొయ్యలు, పీతలు, పగడపు జీవులు తట్టుకోలేవు. దుకాణదారు ఆ మాట చెప్పలేదు. మా తొందరలో అబ్బాయి అడగలేదు.

రాత్రి మందు వేశాడు. ఫజర్ నమాజుకు లేచి దీపం వేసి చూస్తే, గాజుకు అంటుకుని ఉండవలసిన నత్తలన్నీ ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. రొయ్య ఒక మూల కదలక మెదలక ఉన్నది. పగడపు జీవులు ముడుచుకుపోయి రాతికి అంటిన మరకల్లా కనిపించాయి. రెండు చేపలు మాత్రం ఎప్పటిలాగే తిండి కోసం పైకి వచ్చాయి.

అబ్బాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది. మన ఇంట్లో ఉంచుకున్న మూగజీవి మన చేతిలో అమానత్. చూసేవాళ్ల మెప్పు కోసం దానిని పోగొట్టుకున్నాము. మంగ్నీ నాడు ఆ తొట్టి మీద దుప్పటి కప్పి ఉంచాము.

అలాంటి మందులో రాగి లేకపోయినా మరొక చిక్కు ఉంటుంది. నాచంతా ఒక్కసారిగా చస్తే అది నీటిలోనే కుళ్లుతుంది. కుళ్లేటప్పుడు ప్రాణవాయువును హరిస్తుంది. తాను పీల్చుకున్న ఫాస్ఫేట్‌ను తిరిగి నీటిలోకే వదులుతుంది. చచ్చిన నాచే రేపటి నాచుకు ఎరువవుతుంది.

రాగి ఇసుకనూ, సున్నపు రాళ్లనూ పట్టుకుని ఉండి నెమ్మదిగా నీటిలోకి వదులుతూ ఉంటుంది. అందుచేత అబ్బాయి ఇసుకంతా తీసి పారవేశాడు. నీటిని విడతలుగా మార్చాడు. వడపోతలో యాక్టివేటెడ్ కార్బన్ ఉంచాడు. వరుసగా మూడు వారాలు పరీక్షలో రాగి సున్నా అని వచ్చిన తరువాతే కొత్త నత్తలను తెచ్చాడు.

నాచుకు తిండి ఎక్కడిది?

ఈసారి మందుకు బదులు కారణాన్ని వెతికాము. పరీక్ష చేస్తే నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ 0.5 మిల్లీగ్రాము ఉన్నట్లు తేలింది. ఇటువంటి తొట్టికి నైట్రేట్ 5 నుండి 10, ఫాస్ఫేట్ 0.05 నుండి 0.1 మధ్య ఉంటే మేలు. రెండింటినీ సున్నా చేయరాదు. పగడపు జీవులకూ అవి కొంత అవసరమే. ఒక్కోసారి నాచు దట్టంగా ఉన్నా పరీక్షలో ఇవి తక్కువగానే కనిపిస్తాయి. నీటిలో లేవని కాదు, నాచు అప్పటికే పీల్చుకున్నదని అర్థం.

మొదటి కారణం నీరు. ఆవిరైన నీటికి బదులు రోజూ రెండు మూడు లీటర్లు వంటింటి ఆర్‌ఓ యంత్రం నుండి పోస్తున్నాము. తాగడానికి రుచి ఉండాలని అలాంటి యంత్రాలు చాలావాటిలో కొంత ముడి నీటినో లవణాలనో తిరిగి కలుపుతారు. టీడీఎస్ మీటరు పెడితే 80 చూపింది. తొట్టికి కావలసినది సున్నా. ఆర్‌ఓ తరువాత డీఐ రెజిన్ గొట్టం ఒకటి అమర్చడంతో ఆ సమస్య తీరింది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు కాదు. కనుక రోజూ పోసేది మంచినీరే కావాలి. ఉప్పునీరు పోస్తే లవణత పెరిగిపోతుంది. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణత నిలకడగా ఉండాలి.

రెండవ కారణం మా అందరి ప్రేమ. ఉదయం అబ్బాయి, మధ్యాహ్నం తల్లి, మగ్రిబ్ తరువాత పిల్లలు, వచ్చిపోయేవారు, తలా ఒక చిటికెడు మేత వేసేవాళ్లం. రెండు చిన్న చేపలకు అది విందు కాదు, తొట్టికి చెత్త. ఇప్పుడు మేత వేసేది ఒక్కరే. ఒకటి రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేస్తారు. గడ్డకట్టిన మేతను కరిగించి, ఆ నీటిని వంపేసి వేస్తారు.

మూడవది వెలుతురు. అందంగా ఉందని 14 గంటలు దీపం వెలిగించేవాళ్లం. దానిని 8 గంటలకు తగ్గించి టైమరు పెట్టాము. కిటికీ నుండి పడే ఎండకు పరదా కట్టాము.

చేతితో చేయవలసిన పని

నాచుకు తిండి తగ్గించినంత మాత్రాన ఉన్న నాచు మాయం కాదు. అబ్బాయి ప్రతి ఆదివారం ఒక్కొక్క రాయిని బయటకు తీసి, తొట్టి నీరే పట్టిన బక్కెట్‌లో ఉంచి, వేళ్లతో నాచు పీకి, పాత పళ్లబ్రష్‌తో రుద్దేవాడు. ఆ మురికి నీటిని తొట్టిలోకి తిరిగి పోయకూడదు. దానితో పాటు వారానికి పదిశాతం నీరు మార్చేవాడు. మిగిలిన పని నత్తలు చేశాయి. వాటిని తెచ్చిన వెంటనే తొట్టిలో వేయరాదు. సన్నని గొట్టంతో చుక్కచుక్కగా తొట్టి నీరు కలుపుతూ ఒక గంట అలవాటు చేయాలి. లవణత ఒక్కసారిగా మారితే నత్తలు తట్టుకోలేవు.

పిల్లలున్న ఇళ్లవారు ఇక్కడ ఒక హెచ్చరికను తప్పక గమనించాలి. చిన్న పువ్వుల్లా గుంపులుగా ఉండే జోవాంథిడ్ జాతి జీవుల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అవి అంటుకుని ఉన్న రాళ్లను మరిగే నీటిలో వేయడం గాని, వేడి నీటితో కడగడం గాని ఎంతమాత్రం తగదు. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలు పలు దేశాల్లో జరిగాయి. రాళ్లు రుద్దేటప్పుడు చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. పిల్లలను దూరంగా ఉంచాలి.

చట్టాన్నీ గుర్తుంచుకోవాలి. మన దేశంలో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఉన్నటువంటి రక్షణే వాటికీ ఉన్నది. దుకాణంలో దొరుకుతున్నంత మాత్రాన ఏ జీవి అయినా ఇంట్లో ఉంచుకోదగినదని అనుకోరాదు.

పదకొండవ నెలలో

ఆదివారం వెంట ఆదివారం గడిచింది. మొదటి నెలన్నర తేడా ఏమీ కనిపించలేదు. ఆ తరువాత ఒక రాయి తేటపడింది, మరి కొన్నాళ్లకు ఇంకొకటి. పదకొండవ నెలలో ఒక సాయంత్రం అబ్బాయి పిలిచి, రాయి అంచున గోరంత ఊదా రంగు చుక్కలను చూపించాడు. కోరలైన్ నాచు అది. చనిపోయాయనుకున్న పగడపు జీవుల్లో ఒకటి రాతి వెనుక మళ్లీ విచ్చుకుని ఉన్నది.

పచ్చని నాచు ఇప్పటికీ ఒక మూల కొంచెం ఉన్నది. నత్తలు దానిని మేస్తున్నాయి. దానిని పూర్తిగా తీసేయమని మేము ఇప్పుడు అడగడం లేదు.

మొన్న మా తమ్ముడు వచ్చి, "ఆ మూల పచ్చగా ఉందేమిటి భాయ్, అబ్బాయితో శుభ్రం చేయించకూడదా?" అన్నాడు. అతనిని కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఈ కథంతా మొదటి నుండి చెప్పాము. ఆనాడు మంగ్నీకి వచ్చిన బంధువులకు చెప్పడానికి బరువైన మాటలే ఇవి. చెప్పడానికి పట్టినది పావుగంట.